అగ్గిపెట్టె పెట్టకుండా గీసిన దీవి

దీవి అంటే చుట్టూ నీళ్లున్న నేల అని మూడో తరగతిలో కంఠస్థం చేశాను. యాభై ఏళ్లు దాటాక, జీతం తీసుకుని నేను గీసిన దీవికి నేలా కనిపించదు, నీళ్లూ కనిపించవు. నేల మీద మంచు, నీళ్ల మీద కూడా మంచే. రెండిటికీ నడుమ గీత ఎక్కడ గీయాలో తెలియక నేను పడ్డ పాట్లు చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. కాకపోతే నేను చెప్పబోయేది నవ్వులాటగా మొదలై ముగ్గురి ప్రాణాల దాకా వెళ్లిన సంగతి.

రిటైరై ఇప్పుడు ఆస్ట్రేలియాలో, పెర్త్ ఊరి పియారా వాటర్స్ పేటలో, కూతురి ఇంటికి రెండు వీధుల అవతల ఉంటున్నాను. ఇక్కడి మన పిల్లల్లో కొందరు శాటిలైట్ బొమ్మలతో, మ్యాపులతో పనిచేసే ఉద్యోగాల్లో ఉన్నారు. ఎవరింట్లోనైనా కలిసినప్పుడు, ఆంటీ, మీ రోజుల్లో అంతా చేత్తోనే గీసేవారా అని అడుగుతారు, నేనేదో తాటాకుల కాలం దాన్నైనట్టు. నేనూ కంప్యూటర్ మీదే గీశాను నాయనా. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు దీవి గురించి చెప్పాలి. అంటార్కిటికా అంచున, ఖండానికి కాస్త ఎడంగా ఉంటుంది. రోడ్డుంటే ఈ చివర నుంచి ఆ చివరికి కారులో పావుగంట. రోడ్డు లేదు, చెట్టు లేదు, గడ్డిపరక లేదు. నడుమ ఎత్తుగా, అంచులకు పల్చబడుతూ ఒకటే మంచు గుట్ట. మొదటిసారి స్క్రీన్ మీద చూసి ఇడ్లీలా ఉందన్నాను. ఆ మాట ఆఫీసులో తెల్లవాళ్లకు తెగ నచ్చింది. నంబరు తప్ప పేరు లేని ఆ దీవిని ఆ రోజు నుంచి అందరూ ఇడ్లీ అనే పిలిచారు. మా మేనేజరమ్మ పెద్ద మీటింగుల్లో ముఖం గంభీరంగా పెట్టి, ఇడ్లీ ఎంతవరకు వచ్చిందని అడిగేది.

చూడటానికి ఇడ్లీయే గానీ, నెలల తరబడి చూసేకొద్దీ నాకు దాని మీద గౌరవం పెరిగింది. నడినెత్తిన పడ్డ మంచు దాదాపు కదలదు. చుట్టుపక్కల పడ్డది మాత్రం తన బరువుకు తనే కుంగి, ఏళ్ల తరబడి అంచులకు జారి, చివరికి సముద్రంలో విరిగి పడుతుంది. అంటే నేను గీసే మ్యాపు గీస్తుండగానే పాతబడుతోందన్నమాట. పడమర ఒడ్డున కొద్దిపాటి నల్లరాళ్లున్నాయి. దీవి తన అసలు ఒళ్లు చూపించేది అక్కడొక్కచోటే. ఆ రాళ్ల మీద పెంగ్విన్లు కాపురం ఉంటాయి. వాటి రెట్ట మరక గులాబీ రంగులో శాటిలైట్‌కు కూడా కనిపిస్తుంది. తూర్పున మంచు నిట్టనిలువుగా సముద్రంలోకి తెగిపోయి ఉంటుంది.

దక్షిణాన మాత్రం అంచే లేదు. దీవి మీది మంచు, పక్కన నీళ్ల మీద తేలే మంచు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అక్కడ ఒడ్డు ఎక్కడో కనుక్కోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఆటుపోట్లకు తేలే మంచు రోజూ లేచి దిగుతుంది, నేలనంటిన మంచు లేవదు. ఆ రెండిటి నడుమ పడే సన్నటి పగుళ్లే ఆ దీవికి ఒడ్డు. అది దొరికిన రోజు ఇంటికెళ్లి సేమ్యా పాయసం చేశాను. ఏమిటి విశేషమని మావారు అడిగితే, ఒడ్డు దొరికిందన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా రెండు గిన్నెలు తాగారు.

అంతకుముందు పదిహేనేళ్లు పెర్త్‌లో గనుల మ్యాపులు గీశాను. ఎర్రమట్టి, ఎర్ర కొండలు, ఎర్ర దుమ్ము. మావారికి ఆస్ట్రేలియా దక్షిణపు కొసన హోబార్ట్ ఆస్పత్రిలో ఉద్యోగం రావడంతో ఆ చలి ఊరికి వెళ్లాం, నేను ధ్రువ ప్రాంతాల మ్యాపులు చేసే ఆఫీసులో చేరాను. చేరిన మొదటివారమే ఫొటోకాపీ మిషను దగ్గర వెనకనుంచి ఎవరో తెలుగులో, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. తిరిగి చూస్తే జుట్టంతా నెరిసిన, పొట్టి చేతుల చొక్కా వేసుకున్న పెద్దమనిషి. ఆ చలిలో కూడా పొట్టి చేతులే. తణుకు పక్కన అన్నాను. అదెక్కడో ఆయనకు తెలియదు. ఆయన పుట్టింది ఫిజీలో. ఆయన నాయనమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన కుటుంబం. ఆ నాయనమ్మ నేర్పిన తెలుగే ఆయనకు వచ్చు. చదవడం, రాయడం రావు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక భార్యాబిడ్డలతో ఆస్ట్రేలియా వచ్చేశారు. ఫిజీ రాజధాని సువాలో సర్వే ఆఫీసులో నేర్చిన గీత పనే ఇక్కడా అన్నం పెట్టింది.

నేను ఆయన్ను అన్నయ్యా అన్నాను, ఆయన నన్ను సెల్లీ అన్నారు. ఆఫీసంతా ఇంగ్లీషు మాట్లాడుకుంటుంటే మేమిద్దరం ఒక మూల మా తెలుగు మాట్లాడుకునేవాళ్లం. నా తెలుగులో సగం ఇంగ్లీషు, ఆయన తెలుగులో పావు వంతు ఫిజీ హిందీ. మ్యాపుని ఆయన బొమ్మ అనేవారు, సూర్యుణ్ని పొద్దు అనేవారు. మా అమ్మమ్మతోనే పోయిందనుకున్న మాట అంటార్కిటికా మ్యాపుల ఆఫీసులో వినపడితే, మొదట్లో చేతిలో పని ఆపేసి వినేదాన్ని.

ఆయన పని చేసే తీరు చూస్తే మాత్రం నవ్వొచ్చేది. ఎవరు ఏ మ్యాపు చేసినా, కింద వాడిన శాటిలైట్ బొమ్మను ఏమాత్రం కత్తిరించకుండా పెద్ద కాగితం మీద ప్రింటు తీయించేవారు. దాన్ని గది మధ్యలో బల్ల మీద పరిచేవారు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, బొమ్మలో పొద్దు ఏ పక్కనుంచి పడుతోందో ఆ అంచున పెట్టేవారు. అప్పుడు బల్ల చుట్టూ నెమ్మదిగా నడిచేవారు. ఒక పక్క నిలబడి చూడటం, ఇంకో పక్కకు వెళ్లి చూడటం, మళ్లీ మొదటి పక్కకు రావడం. ఆయన సిగరెట్టు తాగరు. ఆ అగ్గిపెట్టె ఉన్నది ఇందుకే. గుళ్లో ప్రదక్షిణం చేసినట్టుందని నేనంటే, ఆ మాటకు అర్థం కనుక్కుని కుర్రాళ్లు కూడా ఆటపట్టించారు. ఆయన కోపం తెచ్చుకునేవారు కాదు. నడక అయ్యాకే మ్యాపు మూల 'సరిచూసినది' అన్న గడిలో తన పేరులోని మూడు ఇంగ్లీషు పొడి అక్షరాలు పెట్టేవారు.

ఎందుకంత నడకని ఒకసారి అడిగాను. వాళ్ల ఊళ్లో పొద్దు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరాన నడుస్తుందట, క్రిస్మస్ రోజుల్లో కొన్ని వారాలు నడినెత్తి దాటి దక్షిణానికి పోతుందట. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ వారాల్లో విమానం నుంచి తీసిన ఫొటో చూసి, చెరకు తోటల నడుమ వాగును గట్టు అనుకుని గీశారట. ఆ గట్టు మీద చెరకు బళ్లకు దారి వేద్దామని మనుషులు వెళితే అక్కడ వాగు పారుతోందట. ఆ రోజు నుంచి అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నానన్నారు. నేను తల ఊపాను. ఊపానే గానీ బుర్రకు ఎక్కించుకోలేదు. మా ఊళ్లోనూ మే, జూన్ నెలల్లో సూర్యుడు ఉత్తరానికి దాటతాడు. నాకు ఆ సంగతి తట్టనైనా తట్టలేదు.

ఇక్కడ మీకు ఒక్క విషయం చెప్పి ముందుకెళతాను. మన కంటికి ఒక అలవాటుంది. బొమ్మలో వెలుగు పై అంచు నుంచి పడుతుందనుకుంటుంది. పైభాగం తెల్లగా, కిందిభాగం నీడగా ఉంటే దాన్ని గట్టు అనుకుంటుంది. వెలుగు నిజంగా కింది అంచు నుంచి పడుతున్నప్పుడు మాత్రం, సరిగ్గా అలాగే కనిపించేది గుంట. ఆస్ట్రేలియాలో సూర్యుడు ఉత్తరాన నడుస్తాడు, మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది, అందుకని ఇక్కడ పనిచేసేవాళ్లకు కన్ను ఎప్పుడూ అబద్ధం చెప్పదు. మేం ఇల్లు కొనేటప్పుడు మావారు తూర్పు గుమ్మం కావాలంటే నేను ఉత్తరం కిటికీ కావాలని పోట్లాడాను. అంతగా పట్టేసింది నాకు ఉత్తరపు వెలుగు. ధ్రువం దగ్గర వేసవిలో పొద్దు అస్తమించదు, ఆకాశం చుట్టూ తిరుగుతుంది. శాటిలైట్ ఏ వేళకు వస్తే ఆ పక్కనుంచి వెలుగు పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. పరీక్ష పెడితే నూటికి నూరు రాసేదాన్ని.

ఆ ఏడాది వేసవిలో ముగ్గురు ఆ దీవి మీదకు వెళ్లాలి. నడినెత్తిన మంచులోకి బోరు దింపి, ఏళ్లనాటి మంచును కడ్డీలుగా తీసి తేవాలి, వాతావరణం కొలిచే పరికరం ఒకటి నిలబెట్టి రావాలి. జట్టు నాయకురాలు మంచు శాస్త్రవేత్త, నలభై ఏళ్ల మనిషి. నడినెత్తిని చాలా రోజులు మబ్బు కప్పేసి ఉంటుంది గనుక హెలికాప్టర్ అక్కడ దిగలేదు. పడమర రాళ్ల దగ్గర దించితే, అక్కణ్నుంచి మంచు మీద నడిచే బండ్లకు, సామాను వేసి లాగే చక్రాల్లేని స్లెడ్జీలు కట్టుకుని పైకి వెళ్లాలి. ఆ దారి చూపించడమే నా పని.

మంచులో దారి అంటే గట్టు మీద వెళ్లాలి. గట్టు మీద మంచు నిదానంగా ఉంటుంది. పల్లాల్లో మంచు వేగంగా జారుతుంది, జారేచోట చీలికలు పడతాయి, ఆ చీలికల మీద కొత్త మంచు పల్చగా కప్పేస్తుంది. పైనుంచి చూస్తే చాప పరిచినట్టు ఉంటుంది, బండి ఎక్కితే లోపలికి పోతుంది. మా దగ్గరున్న ఎత్తుల కొలతలు దూరం దూరంగా గీసిన గీతల్లాంటివి, రాళ్లకూ నడినెత్తికీ మధ్య ఉన్న చోటు సరిగ్గా రెండు గీతల నడుమ పడింది. అక్కడ బొమ్మ చూసి పూరించాలి. చూశాను. రాళ్ల దగ్గర మొదలై తూర్పుగా నడినెత్తి దాకా వెడల్పాటి, నున్నటి గట్టు కనిపించింది. దేవుడు రోడ్డు వేసి పెట్టినట్టుంది. దాని మీద ఎర్ర గీత గీశాను. పక్కనే దక్షిణాన పల్లంలా ఉన్నచోట అడ్డగీతలు కొట్టి, ఇటు వెళ్లవద్దని రాశాను.

అప్పటికి అన్నయ్య సెలవులో ఉన్నారు. సిడ్నీలో, ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో ఉండే వాళ్లమ్మాయికి పురుడు. జట్టును తీసుకెళ్లే ఓడ సోమవారం బయల్దేరుతుంది, 'సరిచూసినది' గడి నిండకుండా మ్యాపు వెళ్లకూడదు. శుక్రవారం ఆయనకు ఫోన్ చేశాను. వెనక పసిపాప ఏడుపు వినిపిస్తోంది. ఫైలు పంపమన్నారు. చాలా పెద్దది, మీ అమ్మాయి ఇంట్లో తెరుచుకోదు అన్నాను. అది నిజమే. అప్పుడు అడిగారు.

"పొద్దు సూసినావా, సెల్లీ?"

"చూశానన్నయ్యా," అన్నాను.

"అయితే పెట్టేయ్ నా పేరు."

ఆ దీవి బొమ్మ ఏడు ముక్కలు అతికించి చేసింది. మూడు ముక్కలకు పొద్దు ఏ పక్క ఉందో చూశాను. మూడూ ఉత్తరమే. మిగతా నాలుగూ అంతేలే అనుకున్నాను. నేను ఆయనతో అన్న 'చూశాను' అంతమాత్రమే. నిజం చెప్పాలంటే, ఆయన ప్రదక్షిణం లేకుండా ఒక మ్యాపు నా చేతిమీదుగా వెళుతున్నందుకు లోపల్లోపల సంతోషించాను కూడా. ఆయన మూడు అక్షరాలు నా చేత్తో టైపు చేసి పంపేశాను. ఒక ప్రింటు ఫ్రేము కట్టించి నా సీటు వెనక గోడకు తగిలించుకున్నాను.

మూడు వారాల తర్వాత ఆయన తిరిగొచ్చారు. అది ఆయన ఉద్యోగంలో ఆఖరి వారం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు వెనక పెరట్లో వీడ్కోలు బార్బీ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చుకుని తినే విందు, అని మేనేజరమ్మ అందరికీ చెప్పింది. గురువారం పొద్దున ఆయన డ్రాయర్లు ఖాళీ చేసుకుంటూ, మనవరాలి ఫొటోలు చూపిస్తూ నా సీటు దగ్గరికి వచ్చారు. గోడ మీది మ్యాపును చాలాసేపు చూశారు. బొమ్మ అందంగా ఉందన్నారు. తర్వాత, కింది బొమ్మ ఏదీ అన్నారు, కత్తిరించనిది. నాకు చిరాకేసింది. రేపు రిటైరయ్యే మనిషికి ఇవాళ కూడా ఇదేనా అనుకుంటూ ప్రింటు తీసి ఇచ్చాను.

ఆయన దాన్ని బల్ల మీద పరిచారు. దీవిని చూడలేదు. దీవి బయట, పడమర ఒడ్డుకు అవతల గడ్డకట్టిన సముద్రాన్ని చూశారు. అక్కడ రెండు పెద్ద మంచుగడ్డలు సముద్రంలో చిక్కుకుని నిలబడి ఉన్నాయి. మ్యాపులో వాటితో పని లేదు గనుక నేను కత్తిరించేశాను. ఆయన వాటి మీద వేలు పెట్టారు. వాటి నీడలు పైకి, ఉత్తరానికి పడి ఉన్నాయి.

జేబులోంచి అగ్గిపెట్టె తీసి దక్షిణం అంచున, సరిగ్గా నేను నిలబడ్డ పక్కన పెట్టారు. బల్ల చుట్టూ నడిచి అవతలికి వెళ్లి, నన్నూ రమ్మని చెయ్యి ఊపారు. వెళ్లి ఆయన పక్కన నిలబడి చూశాను. నా గట్టు నా కళ్ల ముందే కుంగి గుంటైపోయింది. దాని పక్కన, నేను వెళ్లవద్దని అడ్డగీతలు కొట్టిన పల్లం నిదానంగా లేచి, వెడల్పాటి వీపులా, నడినెత్తి దాకా నిలబడింది. రెప్ప వేసి మళ్లీ చూశాను. మారలేదు.

ఆ జట్టు దీవి దగ్గరికి చేరి నాలుగు రోజులైంది, గాలి తగ్గేదాకా ఓడలోనే ఆగి ఉన్నారని నాకు తెలుసు. గాలి తగ్గిందో లేదో తెలియదు. గబగబా నా సీటు వైపు నడిచాను. ఆ ముక్క తాలూకు ఫైలు తెరవాలి, పొద్దు కోణం చూడాలి, ఎత్తులు మళ్లీ లెక్క వేయాలి, అప్పుడు గానీ మేనేజరమ్మకు చెప్పకూడదు అనుకున్నాను. అరగంట పడుతుంది. పొరపాటున అన్నయ్యదే తప్పయితే? నా పరువు నిలబడుతుంది కదా. అవును, ఆ క్షణంలో కూడా అదే ఆలోచించాను.

ఆయన నా కుర్చీ వీపు పట్టుకుని ఆపారు. "ముందు వాళ్లని ఆపించు, సెల్లీ. సూసుకోడం తర్వాత."

నేను కదల్లేదు. అప్పుడు ఆయనే మేనేజరమ్మ గదిలోకి నడిచారు, నేను వెనక వెళ్లాను. మ్యాపు తప్పు, దారి పల్లంలో ఉంది అని ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పారు. ఆమె ఎందుకు, ఎలా అని అడగలేదు. ఫోన్ తీసి ఓడకు కలిపింది. నాకు ఆమె మీద అంతకుముందు పెద్ద అభిప్రాయం లేదు, మీటింగులు ఎక్కువ పెడుతుందని. ఆ రోజు నుంచి ఉంది.

ఓడ నుంచి జవాబు వచ్చింది. గాలి తగ్గిందని పొద్దున్నే ముగ్గుర్నీ రాళ్ల దగ్గర దించారు. స్లెడ్జీలు కట్టుకుని బయల్దేరి అప్పుడే అరగంట దాటింది. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుందని వాళ్లు రేడియోను గంటకొకసారే, సరిగ్గా గంట కొట్టినప్పుడే తెరుస్తారు. అప్పుడు టైము పన్నెండుకు పదిహేడు నిమిషాలు తక్కువ. హెలికాప్టర్ ఇంకో చోటికి వెళ్లింది. పన్నెండుకు రేడియోలో చెబుతాం, అంతకన్నా దారి లేదన్నారు.

ఆ పదిహేడు నిమిషాల్లో మేనేజరమ్మ ఒక్క ప్రశ్నే అడిగింది, ఎవరు సరిచూశారని. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య, నేను అన్నారు. నా పేరు ఉంది కదా, నేనే అన్నారు. ఆ ముఖంలో కోపం లేదు, నాటకం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పారు. నలభై ఏళ్లు పనిచేసి, మర్నాడు సాయంత్రం అందరూ మెచ్చుకోగా వెళ్లిపోవాల్సిన మనిషి.

నాకు ఏడుపొచ్చింది. కాదు, ఆయన చూడలేదు, పొద్దు చూశావా అని నన్ను అడిగారు, చూశానని నేను అబద్ధం చెప్పాను అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో చెప్పడం సులువే అయింది. చెప్పాక అన్నయ్య వైపు తిరిగి తెలుగులో చెప్పడమే కష్టమైంది. "ఏడు ముక్కల్లో మూడే చూశానన్నయ్యా." ఆయన తల వంచుకుని కాసేపు నేల చూశారు.

పన్నెండు దాటి ఆరు నిమిషాలకు ఫోన్ మోగింది. మేనేజరమ్మ స్పీకర్ పెట్టింది. ఓడలోని మనిషి చెబుతున్నది వింటూ నేను బల్ల అంచు పట్టుకున్నాను. ముగ్గురూ బాగున్నారు. ఆగే ఉన్నారు.

ఎందుకు ఆగారో ఆ నాయకురాలు తర్వాత నాతో స్వయంగా చెప్పింది. పైన మబ్బు, కింద మంచు, నీడే లేని వెలుగు. అలాంటి వెలుగులో ఎత్తేదో పల్లమేదో కంటికి తెలియదట. కానీ బండి తానంతట తాను ముందుకు జారుతున్నట్టు ఆమెకు అనిపించింది. మ్యాపులో మాత్రం ఎక్కుడు అని ఉంది. దిగి నిలబడి మ్యాపు తీసింది. అయిదు నిమిషాలు చూసి, మ్యాపు చేసినవాళ్లు పైనుంచి చూసి చేశారు, ఈ వెలుగులో నా కళ్లే మోసపోతున్నాయి అని నిర్ణయించుకుంది. మళ్లీ బండి ఎక్కబోతూ, ఎలాగూ గంట అవుతోంది కదా, రేడియో విని కదులుదామని ఆగింది. మేము ఆ అరగంట లెక్కలు చూసుకుని ఉంటే, పన్నెండు గంటల రేడియోలో ఓడ వాళ్లకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆమె తన కళ్లను నమ్మడం మానేసి నా గీతను నమ్మేది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

వాళ్లు వచ్చిన బండి చాళ్లలోనే వెనక్కి వచ్చి, రెండ్రోజుల తర్వాత దక్షిణం పక్క నుంచి, నేను వెళ్లవద్దని రాసిన చోటు మీదుగా నడినెత్తికి చేరారు. అది రాజమార్గంలా ఉందట. తిరిగి వెళ్లేటప్పుడు హెలికాప్టర్ నుంచి ఒక ఫొటో తీసింది ఆమె. అప్పటికి నాలుగు రోజులు ఎండ కాసి, పైకప్పు మంచు కుంగింది. నా ఎర్ర గీత ఉండాల్సినచోట, దానికి అడ్డంగా, దువ్వెన పళ్లలా వరసగా నల్లటి చీలికలు. మొదటి చీలిక ఆమె బండి చాళ్లు ఆగిన చోటికి ఎంత దూరమో నేను కొలిచాను. ఆ అంకె ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

శుక్రవారం బార్బీ జరిగింది. సాసేజీలు మాడాయి, మామూలే. అన్నయ్యను మాట్లాడమన్నారు. ఇన్నేళ్లలో ఎన్ని బొమ్మలు సరిచూశానో నాకే గుర్తులేదు, మీకు మాత్రం నేను సరిచూడని ఒక్కటే గుర్తుంటుంది అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. విచారణ కాగితాల్లో ఇద్దరి పేర్లూ పడ్డాయి, ఇద్దరికీ హెచ్చరిక ఉత్తరాలొచ్చాయి. ఆయనది రిటైరయ్యాక ఇంటికే వెళ్లింది. వెళ్లేముందు ఆయన నాతో కోపంగా ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది. పాపాయికి పేరు పెట్టారా అని అడిగితే, ఇంకా లేదు, నువ్వు ఏదైనా చెప్పు అన్నారు. అగ్గిపెట్టె తనతోనే తీసుకెళ్లారు.

నాలుగు నెలలు పట్టింది కొత్త మ్యాపుకు. ఏడు ముక్కలకూ, ప్రతిదానికీ కొత్త ప్రింటు తీశాను, ఇంటి నుంచి తెచ్చిన అగ్గిపెట్టె పెట్టాను, బల్ల చుట్టూ నడిచాను. నన్ను చూసి కుర్రాళ్లు ఎవరూ నవ్వలేదు. మ్యాపు మూల ఒక చిన్న గుర్తు కొత్తగా చేర్చాను, ఏ ముక్కలో పొద్దు ఏ పక్కనుంచి పడిందో చూపే బాణాలు. ఎవరూ అడగలేదు, నేనే పెట్టాను. తర్వాత అది మా ఆఫీసులో అలవాటైపోయింది.

అచ్చుకు వెళ్లేముందు ఆయనకు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి చూడమని అడిగాను. వస్తారో రారో అనుకున్నాను. మర్నాడే వచ్చారు, పొట్టి చేతుల చొక్కాతో, మెడలో విజిటర్ కార్డుతో. ప్రింటులన్నీ పరిచి ఉంచాను. ఆయన తన అగ్గిపెట్టె తీశారు. మొదట ప్రతిదాంట్లోనూ బయటి మంచుగడ్డల నీడలు చూశారు, తర్వాత దీవిని. దక్షిణం పగుళ్ల దగ్గర ఆగి, ఇదేనా నీకు పాయసం తాగించిన ఒడ్డు అని అడిగారు. నల్లరాళ్ల దగ్గర గులాబీ మరక చూసి నవ్వుకున్నారు. గట్టు దగ్గర ఆగారు. అవతలికి వెళ్లారు, ఇవతలికి వచ్చారు, మళ్లీ అవతలికి వెళ్లారు. గంట పైనే పట్టింది. పరీక్ష ఫలితాల కోసం కూడా నేను అంత భయంగా నిలబడలేదు.

'సరిచూసినది' గడి ఖాళీగా ఉంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేరే అందులో ఉండాలని నియమం, మేనేజరమ్మే సంతకం పెడతానంది. ఆమె కూడా అక్కడే నిలబడి చూస్తోంది. అన్నయ్య అగ్గిపెట్టె జేబులో వేసుకున్నారు. మ్యాపు మీంచి కళ్లు ఎత్తకుండానే అన్నారు.

"ఇప్పుడు పెట్టు, సెల్లీ, నా పేరు."

మేనేజరమ్మకు తెలుగు రాదు. అయినా ఎందుకో కిటికీ వైపు తిరిగి, బయట వాన చూస్తూ నిలబడింది. నేను పెన్ను తీసుకుని ఆ గడిలో ఆయన మూడు అక్షరాలూ రాశాను.